కొవ్వొత్తి నుండి దీపస్తంభం దాకా

మైకేల్ ఫారడే పేరు వినగానే మనకు విద్యుత్తు జ్ఞాపకం వస్తుంది. 1831లో ఆయన కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణమే నేటి జనరేటర్లకు మూలం. కాని విజ్ఞానాన్ని సామాన్యులకు బోధించడంలోను, దానిని ప్రజాక్షేమానికి వినియోగించడంలోను ఆయన చేసిన కృషి అంతగా ప్రచారంలో లేదు.

ఫారడే 1791లో ఒక కమ్మరి ఇంట జన్మించాడు. లండన్‌లో పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పనికి చేరి, చేతికి వచ్చిన పుస్తకాలను చదివి శాస్త్రం నేర్చుకొన్నాడు. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. మరుసటి సంవత్సరమే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయనకు సహాయకుడైనాడు.

1827 మొదలు క్రిస్మస్ సెలవులలో ఫారడే బాలబాలికలకు 19 పర్యాయాలు ఉపన్యాసమాలికలు ఇచ్చాడు. వానిలో సుప్రసిద్ధమైనది కొవ్వొత్తిని గురించినది. మంటకు పైగా చల్లని పాత్రను పట్టితే దానిపై నీటిబిందువులు చేరుతాయి. మంటలోనికి ఏదైనా పెట్టితే మసి పట్టుతుంది. అనగా మైనంలోని ఉదజని నీరుగా మారుతున్నది. కర్బనం సన్నని రేణువులై మండుతూ వెలుగునిస్తున్నది.

ఈ పాఠమే సముద్రతీరాన అక్కరకు వచ్చింది. 1836లో ఫారడే దీపస్తంభాలను నిర్వహించే ట్రినిటీ హౌస్ సంస్థకు శాస్త్ర సలహాదారుడైనాడు. పెద్ద చమురుదీపాలు మండగా పుట్టిన నీటిఆవిరి చలికి అద్దాలపై చేరి వెలుగును మసకబార్చేది. ఆవిరిని బయటికి కొనిపోయే గొట్టాన్ని దీపానికి అమర్చి ఆయన ఆ లోపాన్ని తొలగించాడు.

1844లో ఇంగ్లండులోని హాస్వెల్ బొగ్గుగనిలో ప్రేలుడు జరిగి 95 మంది మరణించారు. విచారణకై ప్రభుత్వం ఫారడేను, భూగర్భశాస్త్రజ్ఞుడు చార్లెస్ లయల్‌ను పంపింది. గనిలోని మండే వాయువు అంటుకొన్నప్పుడు పైకి లేచిన బొగ్గుధూళి కూడా మండి ప్రేలుడును పెంచిందని వారు నివేదించారు. ఈ హెచ్చరిక చాలాకాలం ఆచరణకు రాలేదు. 1906లో ఫ్రాన్సులోని కూరియేర్ గనులలో బొగ్గుధూళి ప్రేలుడుకు 1,099 మంది బలియైనారు.

1855లో ఫారడే థేమ్స్ నదిపై పడవలో పోతూ తెల్లని కాగితపుముక్కలను తడిపి నీటిలో వేశాడు. అంగుళం లోతైనా దిగకముందే అవి కనుమరుగైనాయి. నది అంత మురికిగా ఉన్నదని ఆయన టైమ్స్ పత్రికకు లేఖ వ్రాశాడు. 1858 వేసవిలో దుర్గంధం భరింపరానిదైనాక పార్లమెంటు మేల్కొన్నది. మురుగుకాలువల నిర్మాణానికి పూనుకొన్నది.

కాగితపుముక్క, కొవ్వొత్తి, చల్లని పాత్ర: ఫారడే వాడిన ఈ పరికరాలు ఏ పాఠశాలలోనైనా లభిస్తాయి. వానితో ఆయన పిల్లలకు శాస్త్రం నేర్పాడు. పాలకులకు సత్యం చూపాడు. పిల్లలు వెంటనే గ్రహించారు. పాలకులు గ్రహించడానికి మాత్రం ఏండ్లు పట్టింది.