పిల్లలు తయారుచేసిన గేమ్ మ్యాప్ ఎవరి సొత్తు? అప్‌లోడ్ చేసే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

మన ఇళ్ళలో హైస్కూలు పిల్లలు మొదలుకొని ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళ దాకా చాలామంది ఇప్పుడు కంప్యూటర్ గేములు ఆడి ఊరుకోవడం లేదు. గేముతో పాటు కంపెనీ ఇచ్చే ఎడిటర్‌తో కొత్త మ్యాపులు, కొత్త పాత్రలు, కొత్త ఆటలు తయారుచేసి ఆ కంపెనీ సైటులోనే పెడుతున్నారు. నెలల తరబడి రాత్రుళ్ళు కూర్చుని చేసే పని అది. మరి అది ఎవరి సొత్తు? రేపు దానికి డబ్బు వస్తే ఎవరికి వస్తుంది? ఈ సంగతి పెద్దలకూ తెలిసి ఉండడం మంచిదని ఈ వివరాలు ఇక్కడ చేరుస్తున్నాము.

క్లుప్తంగా చెప్పాలంటే, పిల్లవాడు సొంతంగా గీసినది, రాసినది సాధారణంగా వాడిదే. కానీ గేము, అందులోని పాత్రలు, కథ కంపెనీవి. ఒకరి స్థలంలో మరొకరు వేసుకున్న పాక లాంటిది ఇది. వాసాలు మనవే, నేల మాత్రం వారిది. పైగా ‘ఐ అగ్రీ’ అని నొక్కినప్పుడు ఆ వాసాలు కూడా వారికే రాసిచ్చామా అన్నది షరతులు చదివితే గాని తెలియదు.

డ్యూక్ న్యూకెమ్ కేసు

ఈ విషయంలో తరచుగా చెప్పుకునే తీర్పు అమెరికాలో 1998లో వచ్చింది. డ్యూక్ న్యూకెమ్ 3డి అనే గేముతో పాటు కొత్త లెవెల్స్ తయారుచేసుకునే ఎడిటర్‌ను కూడా కంపెనీ ఇచ్చింది. ఆటగాళ్ళు ఉత్సాహంగా లెవెల్స్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. మైక్రో స్టార్ అనే మరో సంస్థ వాటిలో 300 లెవెల్స్ దించుకుని, సీడీలో వేసి, డబ్బాలో పెట్టి అమ్మింది. గేము హక్కుదారైన ఫార్మ్‌జెన్‌తో వివాదం కోర్టుకెక్కింది.

‘ఈ ఫైళ్ళలో మీ బొమ్మ ఒక్కటీ లేదు, ఏ వస్తువు ఎక్కడ ఉండాలో చెప్పే సూచనలే ఉన్నాయి’ అని మైక్రో స్టార్ వాదించింది. తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు అందుకు ఒప్పుకోలేదు. కొత్త లెవెల్స్ అంటే డ్యూక్ కథకు కొనసాగింపులే, అలాంటి కొనసాగింపులు చేసే హక్కు అసలు హక్కుదారుదే అని చెప్పింది. లెవెల్స్ ఉచితంగానే పంచాలని ఎడిటర్ లైసెన్సులో ఉంది. ఉచితంగా పంచుకోనిచ్చినంత మాత్రాన అమ్ముకునే హక్కును కూడా వదులుకున్నట్టు కాదని కోర్టు తేల్చింది.

ఆ 300 లెవెల్స్ కష్టపడి చేసిన ఆటగాళ్ళు మాత్రం ఆ కేసులో వాదులూ కారు, ప్రతివాదులూ కారు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, వారి పని మీద రెండు సంస్థలు తగవు పడ్డాయి.

డోటా: ఒక చిన్న ప్రకటన విలువ

బ్లిజార్డ్ కంపెనీ 2002లో వార్‌క్రాఫ్ట్ 3 విడుదల చేసింది. దాని ఎడిటర్‌తో ‘యూల్’ అనే మారుపేరు గల ఆటగాడు 2003లో డోటా అనే మ్యాప్ చేశాడు. తర్వాత దాన్ని ఇతరులు పెంచారు. వారిలో ‘ఐస్‌ఫ్రాగ్’ అనే అతణ్ణి 2009లో వాల్వ్ కంపెనీ ఉద్యోగంలోకి తీసుకుంది. 2010లో వాల్వ్ ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయబోతే బ్లిజార్డ్ అభ్యంతరం చెప్పింది. 2012లో రాజీ కుదిరింది. వ్యాపారానికి ఆ పేరు వాల్వ్‌కు, వార్‌క్రాఫ్ట్ అభిమానుల ఉచిత మ్యాపులకు వాడుకునే వీలు బ్లిజార్డ్‌కు దక్కాయి. 2013లో డోటా 2 పూర్తిస్థాయిలో విడుదలైంది.

అక్కడితో అయిపోలేదు. రెండు కంపెనీలూ కలిసి మొబైల్ గేముల సంస్థలపై కేసు వేసినప్పుడు, ప్రతివాదుల్లో ఒకరు 2004 నాటి యూల్ ప్రకటనను బయటికి తీశారు. ఎవరైనా డోటాను తమ పద్ధతిలో విడుదల చేసుకోవచ్చని అతను అందులో రాశాడు. కాబట్టి ఆ హక్కు అప్పుడే అందరిదీ అయిపోయిందని వారి వాదన. 2017లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు ఆ వాదన మీదే కేసును కొట్టేయడానికి ఒప్పుకోలేదు. అయినా 2004లో సరదాగా రాసిన నాలుగు ముక్కల మీద పదమూడేళ్ళ తర్వాత న్యాయవాదులు వాదించుకోవలసి వచ్చింది. పిల్లలు ‘ఎవరైనా వాడుకోండి’ అని రాసే ముందు ఈ సంగతి గుర్తు చేయాలి.

షరతులు మూడు రకాలు

ఒకటి, హక్కు తయారుచేసిన వారికే ఉంచేవి. సొంతంగా మొదటి నుంచి చేసిన మాడ్ మీదే అని, అయితే అమ్మకూడదని మైన్‌క్రాఫ్ట్ లైసెన్సు చెబుతుంది.

రెండు, హక్కు మీకు ఉంచుతూనే, కంపెనీ ఎక్కడైనా, ఎంతకాలమైనా, డబ్బు ఇవ్వకుండా వాడుకునేలా లైసెన్సు తీసుకునేవి. ఇది కౌలుకు ఇచ్చినట్టు, కానీ కౌలు డబ్బు లేదు, గడువూ లేదు.

మూడు, హక్కునే రాయించుకునేవి. 2020లో వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ వచ్చినప్పుడు, ఆటగాళ్ళు చేసే కస్టమ్ గేములన్నీ తమ సొత్తేనని బ్లిజార్డ్ తన నిబంధనల్లో స్పష్టంగా రాసింది. ఇది అమ్మకం దస్తావేజుతో సమానం.

డబ్బు మాట వస్తే

2015 ఏప్రిల్‌లో స్కైరిమ్ గేము మాడ్స్‌ను స్టీమ్ అంగడిలో అమ్ముకునే ఏర్పాటు పెట్టారు. అమ్మకం సొమ్ములో చేసినవారికి 25 శాతం, వాల్వ్‌కు 30 శాతం, గేము కంపెనీ బెథెస్డాకు 45 శాతం. ఆటగాళ్ళ నుంచి నిరసన రావడంతో కొద్ది రోజుల్లోనే తీసేశారు. హాఫ్‌లైఫ్ మీద 1999లో ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెట్టిన కౌంటర్ స్ట్రైక్ కథ వేరు. వాల్వ్ ఆ హక్కులు కొని, వారిని ఉద్యోగంలోకి తీసుకుంది. పని విలువ తెలిసి, ఎవరు చేశారో రుజువు ఉన్నచోట బేరం కుదురుతుంది.

మన చట్టం ఏమంటుంది?

1957 కాపీరైట్ చట్టం కేంద్ర చట్టం. మనం హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా, యానాంలో ఉన్నా ఒకటే. పని పూర్తయిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. 57వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ చేసిన తర్వాత కూడా ఇది తన పనేనని చెప్పుకునే అధికారం సృష్టికర్తకు ఉంటుంది. అయితే చాలా విదేశీ కంపెనీలు తమ దేశపు చట్టమే వర్తిస్తుందని షరతుల్లో రాసుకుంటాయన్నది గమనించాలి.

అనువాదం చేసే హక్కు కూడా అసలు హక్కుదారుదే. గేములోని మాటలన్నీ తెలుగులోకి మార్చి పెట్టాలన్న పిల్లల ఉత్సాహం మెచ్చుకోదగినదే. ముందు అనుమతి అడిగించాలి. మ్యాపులో సినిమా పాట పెడితే, ఆ పాట హక్కు పాట హక్కుదారులదే.

పద్దెనిమిదేళ్ళు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టంలోని 11వ సెక్షన్‌ను ఆధారం చేసుకుని 1903లోనే ప్రివీ కౌన్సిల్ చెప్పింది. కానీ ఖాతా తండ్రి పేరున ఉంటే ఆ ఒప్పందం తండ్రిదే. అందుకే ఆ పేజీ పెద్దలే చదవాలి.

ఇంట్లో చేయవలసినవి

1. షరతుల పేజీలో ‘అసైన్’ అనే మాట వెతకండి. ఉంటే హక్కు పోతున్నట్టే. ‘పర్పెచ్యువల్’ అంటే ఎప్పటికీ, ‘ఇర్రివోకబుల్’ అంటే వెనక్కి తీసుకోలేనిది, ‘ఎక్స్‌క్లూజివ్’ అంటే ఇంకెవరికీ ఇవ్వకూడనిది.
2. ఒప్పుకున్న రోజున షరతులను పీడీఎఫ్‌గా దాచుకోండి. కంపెనీలు వాటిని మారుస్తుంటాయి.
3. అసలు ఫైళ్ళు, గీసిన బొమ్మలు, చిత్తుప్రతులు తేదీలతో సహా ఇంట్లో డిస్కులో ఉంచండి. ఖాతా మూతపడితే సైటులో ఉన్నది చేతికి రాదు.
4. స్నేహితులు కలిసి చేస్తే ఎవరు ఏ భాగం చేశారో ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టించండి.
5. సొంత పాత్రలు, సొంత కథ, సొంత సంగీతం ఉంటే, వాటిని షరతులు చదవకుండా పరాయి గేములో పెట్టనివ్వకండి. రేపు సొంత గేము చేయడానికి అదే పెట్టుబడి.

పిల్లలను ఆపమని మా ఉద్దేశం కాదు. వాళ్ళు చేస్తున్నది నిజమైన పని, రేపు ఉద్యోగానికి పనికివచ్చే పని. పొలం కాగితాలు, ఇంటి కాగితాలు జాగ్రత్త చేసినట్టే ఈ కాగితాలూ జాగ్రత్త చేయాలని సభ్యులందరికీ మనవి.