పగుళ్లకు రాసిచ్చిన మాన్యం

జీర్ణోద్ధరణ అనగానే ఇవాళ మనకు గుర్తొచ్చేది పాత గుడి కూల్చివేత, చందా పుస్తకాలు, కుంభాభిషేకం పోస్టర్లు. అదే మాట పాత శాసనాల్లో ఏ మాటల సరసన కూర్చుందో చూస్తే సంగతి వేరు. చాళుక్యుల, కాకతీయుల కాలపు దానశాసనాల్లో దేవుడి అంగరంగ భోగాలకు, నైవేద్యానికి, అఖండదీపానికి భూమి రాసిచ్చే చోటే ‘ఖండస్ఫుటిత జీర్ణోద్ధార’ అనే మాటా తరచు కనిపిస్తుంది. ఖండం విరిగింది, స్ఫుటితం పగిలింది, జీర్ణం అరిగి శిథిలమైంది. దీపంలో నూనె పోయడం ఎంత మామూలు ఖర్చో, పగులు పూడ్చడమూ అంతే మామూలు ఖర్చన్నమాట. గుడి కూలాక ఉత్సవంలా తలపెట్టే పని కాదది. కూలకుండా మాన్యం రాబడితో ఎప్పటికప్పుడు చేసుకునే పని. ఇంటిచూరు కారితే మనం చేయించే మరమ్మతుకు దగ్గరిది. ఆ మరమ్మతు మాత్రం అరబ్బీ మాట, పారశీకం మీదుగా వచ్చి మనింట్లో స్థిరపడింది.

ఆ దానశాసనాలకు ముందు బౌద్ధుల మాట నవకర్మ. కొత్త కట్టడానికీ పాతదాన్ని బాగుచేయడానికీ అదే చెల్లింది; పని చూసే భిక్షువు నవకమ్మికుడు. నాగార్జునకొండలో 3వ శతాబ్దంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనం చివర ముగ్గురు నవకమ్మికుల పేర్లున్నాయి: చందముఖ, ధమ్మనంది, నాగ థేరులు. రాతిపని చేసిన విధికుడి పేరునూ వదల్లేదు. పనికి ఫలానావారు బాధ్యులని రాతిమీద చెక్కి చూపడం చిన్న విషయం కాదు.

పాతవాళ్లూ కూల్చి కట్టారు కదా అని అడగవచ్చు. కట్టారు. దేవుణ్ణి బాలాలయమనే తాత్కాలిక గుడికి తరలించి పని మొదలుపెట్టే పద్ధతి అందుకే ఏర్పడింది. 10వ శతాబ్దంలో చోళరాణి సెంబియన్ మహాదేవి ఎన్నో ఇటుక గుళ్లను రాతిగుళ్లుగా మార్పించింది. కాని వాటిలో ఒకటైన తిరుక్కోడికావల్‌లో పాత శాసనాలను కొత్త గోడలమీదికి ఎత్తి రాయించారు. అది భక్తి ఒక్కటే కాదు. గుడికి ఆ గోడే దస్తావేజు. రాత చెరిగితే పొలం మీద హక్కుకు ఆధారం పోతుంది. ఇవాళ శాసనం మీద ఎనామిల్ పూసి జీర్ణోద్ధరణ అనేవారికి ఆ కూల్చివేతలు సాక్ష్యం కావు.

మాన్యాలే పోయాక నిత్య మరమ్మతు ఎక్కణ్ణుంచి వస్తుందన్న మాటలో కొంత నిజముంది. అయితే రాబడి ఉన్న గుళ్ల సంగతేమిటి? కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి గాలిగోపురం 2010 మే 26న కూలింది. దాని స్థానంలో లేచిన గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. దాన్ని నవకర్మ అనవచ్చు. పాతదాని గోడల్లో బీటలు కూలకముందే అందరికీ కనబడ్డాయి; శాసనాలు ఖండస్ఫుటితమన్నది వాటినే.