గుడారాల్లో కాపురం

బదిలీ ఆర్డరు వచ్చేది ఆఫీసుకే గాని, దాని బరువు దిగేది మాత్రం వంటింట్లో. పాలు ఎక్కడ పోయిస్తారు, నీళ్లు ఏ వేళకి వస్తాయి, పిల్లల బడి ఎంత దూరం - ఇవన్నీ తేల్చుకోవలసింది మనమే కదా! మొన్న మా మేనకోడలు ఓ చిన్న పట్నానికి కాపురం మారుస్తూ, "రెండేళ్ల భాగ్యానికి సామానంతా విప్పడమెందుకత్తా? సగం కట్టలు అలాగే ఉంచేస్తాను" అంది. ఆ మాట వినగానే నాకు మా పెద్దత్తగారు గుర్తుకొచ్చారు. ఆవిడ కర్నూలు కాపురం గుర్తుకొచ్చింది.

కర్నూలు ఒకప్పుడు రాజధాని అని మనం పాఠాల్లో చదువుకున్నాం, పరీక్ష రాశాం, మరిచిపోయాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతకు ముందు ఏడాది డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు యాభై ఎనిమిది రోజుల నిరాహారదీక్షలో ప్రాణం విడిచారు. మద్రాసు మనకు దక్కలేదు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టు - ఈ రెండింటిలో ఒకటి రాయలసీమకు, రెండోది కోస్తాకు అనీ, ముందు కోరుకునే హక్కు సీమవారిదనీ పెద్దలు రాసుకున్నారు. ఆ మాట ప్రకారం రాజధాని కర్నూలుకు, ఆ మరుసటేడు హైకోర్టు గుంటూరుకు వచ్చాయి. నెహ్రూగారు వచ్చి ప్రారంభోత్సవం చేశారు. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి అయ్యారు. ఇదంతా చరిత్ర. చరిత్ర పుస్తకాల్లో లేనిదల్లా, ఆ నాయకుల వెనకాల ఫైళ్లతోపాటు బయలుదేరిన గుమాస్తాల భార్యలు ఆ రాత్రి అన్నం ఎక్కడ వండారన్నదే.

మా పెద్దమామగారు సచివాలయంలో గుమాస్తా. పెద్దత్తగారిది బందరు వైపు పుట్టిల్లు, మద్రాసులో ఎనిమిదేళ్ల కాపురం. తిరువల్లిక్కేణిలో రెండు గదుల వాటా, వీధిలో కుళాయి, సాయంత్రమైతే సముద్రపు గాలి. అక్కణ్ణించి చంటిపిల్లతో, ఆరు కట్టల సామానుతో రైళ్లు మారి మారి కర్నూలులో దిగారు. దిగితే ఏముంది? అంత పెద్ద ప్రభుత్వాన్ని దాచుకునేపాటి భవనాలు ఆ ఊళ్లో లేవు. చాలా ఆఫీసులు గుడారాల్లో పెట్టారు. మనుషుల్లోనూ ఎంతోమందికి గుడారాలే గతి. "గుడారం తాళ్ల మీద తడిబట్టలు ఆరేస్తే పైకప్పు ఓ పక్కకి ఒరిగేదే" అనేవారు పెద్దత్తగారు. గాలి లేస్తే కిరసనాయిలు స్టవ్వు ఆరిపోయేది. పప్పులో ఇసక. మద్రాసులో ముగ్గు వేసుకునే గడప ఉండేది, ఇక్కడ గడపే లేదు. అయినా ఆవిడ గుడారం ముందు నాలుగు చారలు గీసేవారట, ఇల్లు ఎటువైపు మొదలవుతుందో పిల్లకు తెలియాలని.

పక్క గుడారంలో ఇంకో గుమాస్తాగారి భార్య ఉండేది. ఆవిడ ట్రంకు పెట్టె తాళమే తీయలేదు. "ఇది తాత్కాలికం వదినగారూ, రేపో మాపో ఇంకెక్కడికో వెళ్లిపోతాం" అనేది. ఆ మాటలో అబద్ధమేం లేదు. రాజధాని ఇక్కడే స్థిరమని ఎవరూ చెప్పలేదు. విజయవాడ అన్నవాళ్లున్నారు, హైదరాబాదు మీద ఆశ పెట్టుకున్నవాళ్లున్నారు.

పెద్దత్తగారు మాత్రం పదిహేనో రోజుకల్లా ఊళ్లో అద్దె ఇంటికోసం బయలుదేరారు. ఎవరో "మిద్దె ఖాళీగా ఉండాదమ్మా" అన్నారు. మిద్దె అంటే మేడ మీద వాటా కాబోలు, గాలి వస్తుందని సంబరపడి వెళ్తే, నేల మీదే మట్టికప్పు ఇల్లు! సీమలో మట్టి పరిచిన చదును కప్పున్న ఇంటిని మిద్దె అంటారు. "మేడలు మిద్దెలు అని జంటగా అనడమేగాని, రెండూ వేరని నాకప్పుడే తెలిసిందే" అని నవ్వేవారు. అసలు ముందు చూసింది హంద్రి ఒడ్డున పల్లంలో ఒక ఇల్లు. అద్దె తక్కువ. ఈ మిద్దెగల ఆవిడే, తన ఇల్లు అద్దెకు పోవాలన్న స్వార్థం కొంతయితే ఉండవచ్చు గాని, "ఆడ వద్దమ్మా, ఏరు పొంగితే నీళ్లొస్తాయి" అని చెప్పిందట. ఆ మాట నేను చాలాకాలం పట్టించుకోలేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి పొంగి కర్నూలు పట్నాన్ని ముంచేసినప్పుడు టీవీ ముందు కూచుని తలుచుకున్నాను. కొత్త ఊళ్లో ఇల్లు చూసేటప్పుడు గదులెన్ని అని అడుగుతాం, నీళ్లు ఎంతవరకు వచ్చాయని ఆ ఊరి ముసలమ్మను ఎంతమందిమి అడుగుతున్నాం?

ఇక భాష. తెలుగువాళ్ల మధ్యకే కదా వచ్చామనుకుంటే, అక్కడే వచ్చింది తంటా. పులుసులోకి ఆనపకాయ కావాలని అడిగితే, కూరలమ్మే ఆవిడ చిక్కుడుకాయల్లాంటివి దోసెడు ఒళ్లో పోసింది. అక్కడ అనపకాయలంటే అవే. మనం అడిగింది అక్కడ సొరకాయ. వేరుశనగ కాయలు బుడ్డలు, బంగాళాదుంప ఉర్లగడ్డ. "నీళ్లు పట్టుకుంటివా? బువ్వ తింటివా?" అని ఇంటావిడ పలకరిస్తే గుడారాల ఆడవాళ్లు చాటుగా నవ్వుకునేవారు, గ్రాంథికం మాట్లాడుతోందని. ఆవిడా తక్కువదేం కాదు. "మాటకు ముందొక అండి, ఎనకొక అండి. ఏంటికమ్మా అన్ని అండీలు?" అన్నదట మొహం మీదే!

నవ్వులాటే గాని, లోపల నొప్పి కూడా ఉంది. రాజధాని వచ్చిందని కర్నూలు సంతోషించింది, నిజమే. కాని ఉన్నట్టుండి అంతమంది వచ్చిపడితే అద్దెలు పెరిగాయి, పాలు పలచబడ్డాయి. వచ్చినవాళ్లేమో రోజూ ఊరిని తిడుతూనే ఉన్నారు - ఎండ, దుమ్ము, రాళ్లు అంటూ. కందనవోలు అని ఎంత పాత పేరున్న ఊరు! అలంపురం గుళ్లకు రాళ్లు తోలే బళ్లు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవట, అందుకే ఆ పేరని చెప్పుకుంటారు. నవాబులు ఏలిన ఊరు, కోట ఉన్న ఊరు. అలాంటి ఊరివాళ్లకు, నిన్న వచ్చిన మనం "మా మద్రాసులో అయితేనా..." అంటే ఎలా ఉంటుంది? నన్నడిగితే, కొత్త ఊరికి వెళ్లిన మొదటి ఆరు నెలలూ "మా ఊళ్లో అయితే" అన్న మాటను ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకోవాలి. విప్పకుండా ఉంచదగిన సామాను అదొక్కటే!

పక్క గుడారం ఆవిడకు మరుసటేడు వేసవిలో నొప్పులు వచ్చాయి. అర్ధరాత్రి. భర్త క్యాంపులో ఉన్నాడు. ఊళ్లో ఆవిడకు తెలిసిన గడప ఒక్కటీ లేదు, ఒక్క మా పెద్దత్తగారి మిద్దె తప్ప. పెద్దత్తగారు ఇంటావిడను లేపారు, ఇంటావిడ రెండు వీధుల అవతలినుంచి మంత్రసానిని లేపింది. తెల్లారేసరికి మగపిల్లాడు. ఇంటావిడే పదకొండు రోజులూ వేడినీళ్లు కాచి పంపింది. అంత జరిగాక కూడా ఆ తల్లి పెట్టె తీయలేదట. మనస్తత్వాలంతే.

పెద్దత్తగారు కొన్న వస్తువు ఒకటుంది - రోలు. రాళ్ల దేశం కదా, నల్లటి మంచి రోలు చవగ్గా వచ్చిందని కొన్నారు. "ఊరు మారితే దీన్ని నెత్తిన పెట్టుకు మోస్తావా?" అని పెద్దమామగారు విసుక్కున్నారు. ఆ రోట్లోనే ఇంటావిడ దగ్గర బుడ్డల ఊరుబిండి నేర్చుకున్నారు. జొన్నరొట్టె మాత్రం చేత్తో తట్టడం చివరిదాకా రాలేదు, ముక్కలయ్యేది.

మామగారి మాటే నిజమైంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు వెళ్లింది. సరిగ్గా మూడేళ్ల ఒక నెల. "చూశారా వదినగారూ, నేను విప్పకపోవడమే మంచిదైంది" అన్నదట ఆవిడ. కట్టలు కట్టే శ్రమ లెక్క చూస్తే ఆవిడదే గెలుపు, కాదనను. కాని ముప్ఫై ఏడు నెలలు ఒకే చీరల వరసతో, అరువు గిన్నెలతో, రైలు స్టేషనులో కూచున్నట్టు కూచోవడమంటే నాకు భయమేస్తుంది.

ఇక కర్నూలు సంగతి. ఊరంతా ఖాళీ అయింది. అద్దెలకోసం గదులు వేసినవాళ్లు తలలు పట్టుకున్నారు. 1957లో వైద్య కళాశాల వచ్చింది. ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్న పేర్లు మాత్రం ఇప్పటికీ పేటల పేర్లుగా నిలిచాయి. రాజధానిని పోగొట్టుకున్న బాధ ఆ ఊళ్లో ఇంకా మాటల్లో వినిపిస్తుంది. మనం వెళ్లిపోయామంటే ఒక ఊరు వదిలామనుకుంటాం, ఆ ఊరు కూడా మనల్ని పోగొట్టుకుందని అనుకోం.

రోలు ఇంటావిడకే ఇచ్చేశారు. "మళ్లా వస్తే తీసుకుపో" అందట ఆవిడ. హైదరాబాదులో మొదటిసారి కూరల బజారుకు వెళ్లినప్పుడు, తోటివాళ్లు గోంగూర, గోంగూర అని వెతుక్కుంటూంటే పెద్దత్తగారు తిన్నగా వెళ్లి పుంటికూర కట్టలు రెండు తీసుకున్నారు. అమ్మే ఆవిడ మొహం వెలిగి, "ఏ ఊరమ్మా మీది?" అంది. ఎనిమిదేళ్ల మద్రాసూ గుర్తు రాలేదు, పుట్టిన బందరూ గుర్తు రాలేదు, "కర్నూలు" అని నోటికొచ్చేసిందట.

ఇదంతా మేనకోడలికి ఫోనులో చెప్పాను. ఓపిగ్గానే విని, "అన్నీ విప్పాలే అత్తా, బొమ్మల కొలువు పెట్టె ఒక్కటే ఉంది. దసరాకి పెట్టినా పేరంటానికి ఎవరొస్తారు?" అంది. పక్కింటావిడ పేరేమిటని అడిగాను. తెలియదుట. వెళ్లి నాలుగు నెలలైంది.