కారు కింద చూసుకున్నాకే కేసు

పొద్దున్నే ఇల్లు కదిలే ముందు డిటెక్టివ్ షాన్ డఫీ వంగి తన బీఎండబ్ల్యూ కింద చూసుకుంటాడు. అక్కడ బాంబుండొచ్చు. దానిలో చిన్న గొట్టం, గొట్టంలో పాదరసం. బండి ఏటవాలు ఎక్కగానే పాదరసం జారి తీగల్ని కలుపుతుంది. 1979లో లండన్‌లో పార్లమెంటు కారు షెడ్డు నుంచి పైకొస్తూ ఎంపీ ఎయిరీ నీవ్ చనిపోయింది ఇలాంటి బాంబుకే.

ఏడ్రియన్ మెకింటీ రాసిన డఫీ నవలలు ఉత్తర ఐర్లండ్ మతఘర్షణల కాలానివి. డఫీ క్యాథలిక్. కొలువు మాత్రం దాదాపు అందరూ ప్రొటెస్టెంట్లే ఉన్న అక్కడి పోలీసు దళం రాయల్ అల్స్టర్ కాన్‌స్టాబ్యులరీలో. అంటే క్యాథలిక్కుల సాయుధ దళమైన ఐఆర్ఏకు ద్రోహి, తోటి పోలీసులకు అనుమానం. కాపురం కూడా క్యారిక్‌ఫెర్గస్‌లో ప్రొటెస్టెంట్లుండే కొరొనేషన్ రోడ్‌లోనే. మెకింటీ పెరిగిందీ ఆ వీధిలోనే కాబట్టి ఇరుగుపొరుగు మాటల్లో ఎక్కడా అతుకు కనిపించదు.

మొదటి నవల 'ది కోల్డ్ కోల్డ్ గ్రౌండ్' 2012లో వచ్చింది. కథాకాలం 1981. మేజ్ జైల్లో నిరాహార దీక్ష చేస్తూనే ఎంపీగా గెలిచిన ఐఆర్ఏ ఖైదీ బాబీ శాండ్స్ 66వ రోజున, మే 5న, కన్నుమూశాడు. దీక్ష ముగిసేసరికి పదిమంది పోయారు. బెల్‌ఫాస్ట్ వీధుల్లో పెట్రోల్ బాంబులు. ఆ గొడవలో డఫీకి దొరికిన శవం ఒక స్వలింగ సంపర్కుడిది. అక్కడ 1982 దాకా స్వలింగ సంపర్కం నేరం. చంపినవాడే కాదు, చచ్చినవాడూ చట్టం కళ్లకు నేరస్థుడేనన్నమాట!

మామూలు అపరాధ పరిశోధనలో హంతకుడెవరో చివరిదాకా ఎవరికీ తెలియదు. ఇక్కడ చాలా హత్యల్లో వీధి వీధంతటికీ తెలుసు, నోరు విప్పేవాడే ఉండడు. పోలీసులకు చెప్పినవాడికి తలలో తూటా ఖాయం. జ్యూరీని బెదిరిస్తారని 1973 నుంచి ఉగ్రవాద కేసుల్లో జ్యూరీనే తీసేశారు, జడ్జి ఒక్కడే తీర్పు చెప్పేవాడు. మరి డిటెక్టివ్‌కు మిగిలిన పనేమిటి? సొంత కక్షతో చేసిన హత్యను మతం లెక్కలో కలిపేసేవాణ్ణి పట్టుకోవడం. ముప్ఫై ఏళ్లలో 3,500 మందికి పైగా పోయిన చోట ఇంకో శవాన్ని దాచడం ఎంతసేపు? మెకింటీ నవలలకు ఊపిరి ఈ అనుమానమే.

తాళం వేసిన గదిలో హత్యలంటే ఆయనకు మోజెక్కువ. క్యారిక్‌ఫెర్గస్ కోటలో జరిగే 'రెయిన్ డాగ్స్'కు 2017లో ఎడ్గర్ అవార్డు వచ్చింది. చిక్కుముడి భేషుగ్గా ఉంది గానీ, నా ఓటు మొదటి నవలకే. అందులో ఊరే తాళం వేసిన గది.

ఇక నవలల బయట, నిజం పోలీసులు ఆ కాలపు పాత ఫైళ్లు తెరిచింది 2005లో. మూడు వేలకు పైగా మరణాలను తిరగదోడడానికి ప్రత్యేక బృందాన్ని వేశారు. సైన్యం చంపిన కేసుల్లో ఆ బృందం మెతకగా ఉందని 2013లో తనిఖీ అధికారులు తప్పుపట్టారు. మరుసటి ఏడాదే, పని పూర్తికాకుండానే, దాన్ని ఎత్తేశారు.