హోల్ట్ దొర వంటవాడు

బర్మింగ్‌హామ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లే తెలుగు కుర్రాళ్లకు విల్లా పార్క్‌లోని ‘హోల్ట్ ఎండ్’ స్టాండు బాగా తెలుసు. ఆ హోల్ట్ ఎవరో తెలియాలంటే స్టేడియం పక్కనే ఉన్న పార్కులోకి నడవాలి. అక్కడ ఆస్టన్ హాల్ అనే ఎర్ర ఇటుకల భవంతి ఉంది. సర్ థామస్ హోల్ట్ దాన్ని 1618లో మొదలుపెట్టి 1635 నాటికి పూర్తిచేశాడు. ఆ వంశపు చిహ్నంలో ఒక ఎర్రటి అరచెయ్యి కనిపిస్తుంది. వంటవాణ్ణి చంపిన నెత్తుటి చెయ్యి అదేనని ఊరి కథ. నిజానికి ఇంగ్లండులో వంశపారంపర్యంగా వచ్చే బారోనెట్ బిరుదు పొందిన కుటుంబాలు పెట్టుకునే, ఐర్లండులోని అల్‌స్టర్ గుర్తు అది. కొత్తగా వచ్చినవాణ్ణి నివ్వెరపరిచే సంగతి మరొకటుంది. వంటవాడి మాట లండన్ కోర్టు రికార్డుల్లోకీ ఎక్కింది.

సర్ థామస్ పెద్ద కత్తితో తన వంటవాడి తల రెండు చెక్కలు చేశాడనీ, ఒక చెక్క ఈ భుజం మీదా రెండోది ఆ భుజం మీదా పడిందనీ ఒకతను నలుగురిలో అన్నాడు. దొర పరువు నష్టం దావా వేశాడు. 1607లో అది కింగ్స్ బెంచ్ న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. వాళ్లు ఆ మాటల్ని ముక్కముక్కగా విప్పి చూశారు. తల నరికాడన్నారు సరే, వంటవాడు చచ్చిపోయాడని ఎక్కడన్నారు? చావు మాట లేకపోతే అది హత్యారోపణ కాదు, కొట్టాడన్న ఆరోపణే. కొట్టాడన్నందుకు దావా నిలవదు. దొర ఓడిపోయాడు.

ఇది తెలివితక్కువ తీర్పేమీ కాదు. ఆ రోజుల్లో తిట్ల వ్యాజ్యాలు కోర్టుల్ని ముంచెత్తుతున్నాయి. వాటికి అడ్డుకట్టగా న్యాయమూర్తులు ఒక సూత్రం పట్టుకున్నారు: మాటకు రెండర్థాలు వచ్చేటప్పుడు మెత్తని అర్థమే తీసుకోవాలి. చెట్టున ఉన్న కాయ భూమిలో భాగం గనక దాన్ని కోసుకుపోవడం అప్పటి చట్టంలో దొంగతనం కాదు. అందుకని నా చెట్టు కాయలు దొంగిలించావంటూ ఎవరినైనా తిట్టినా దావా నిలవడం కష్టమే.

మరి జనం అన్ని దావాలు ఎందుకు వేశారు? నాణేలు చాలని కాలం అది. రొట్టె, ఉన్ని, పశువులు అన్నీ అరువు మీదే నడిచేవి. మనిషి మాట మీద నమ్మకం పోతే అరువు పుట్టదు, పిల్లకు సంబంధం కుదరదు. పరువంటే వాళ్లకు గొప్పలు చెప్పుకునే విషయం కాదు, పొట్టకూటి విషయం.

ఆ పరువు తరచూ మట్టిగలిసేది ఏల్‌హౌసుల్లో, అంటే బార్లీతో కాచిన ఏల్, బీరు అమ్మే చిన్న ఇళ్లలో. 1552 నుంచే వీటికి ఇద్దరు మేజిస్ట్రేట్లు లైసెన్సు ఇవ్వాలి. ఊళ్లోవాళ్లను కాలక్షేపానికి కూర్చోబెట్టి తాగిస్తే యజమానికి పది షిల్లింగుల జరిమానా అని 1604 చట్టం చెప్పింది. బాటసారులకూ, మధ్యాహ్నం తిండివేళ ఒక్క గంట కూలీలకూ మినహాయింపు. 1606–07లో తాగుడునే నేరం చేశారు. తాగి దొరికినవాడు అయిదు షిల్లింగులు కట్టాలి. అది కూలివాడికి దాదాపు వారం సంపాదన. ఆ డబ్బు ఊళ్లోని పేదలకు పోతుంది. కట్టలేనివాడి కాళ్లు బొండకొయ్యలో బిగించి ఆరు గంటలు అందరి ఎదుట కూర్చోబెట్టాలి. 2024లో రద్దయిన భారత శిక్షాస్మృతిలో తాగి బహిరంగంగా అల్లరి చేసినవాడికి ఒక రోజు దాకా జైలో, పది రూపాయల దాకా జరిమానాయో, రెండూనో అని చెప్పిన 510వ సెక్షను ఈ చట్టానికి దూరపు చుట్టం.

ఇంగ్లండులో తాగుడు చట్టం రాకముందే, 1606 జూలైలో డెన్మార్క్ రాజు క్రిస్టియన్ తన బావ, ఇంగ్లండు రాజు జేమ్స్‌ను చూడవచ్చాడు. థియోబాల్డ్స్ భవనంలో విందు జరిగింది. దానికి వెళ్లిన సర్ జాన్ హారింగ్టన్ రాసిన ఉత్తరం చదివితే మనసు కలుక్కుమంటుంది. షీబా రాణి వేషం వేసిన స్త్రీ మెట్ల మీద తూలి, తెచ్చిన తినుబండారాలన్నీ డెన్మార్క్ రాజు ఒళ్లో పోసింది. నాట్యమాడబోయిన ఆ రాజు కింద పడితే మోసుకుపోయి పడుకోబెట్టారు. విశ్వాసం, ఆశ వేషాలవాళ్లు కింది గదిలో వాంతులు చేసుకున్నారు. ఏడాది తిరగకముందే తాగుడు నేరమైంది. బొండకొయ్య మాత్రం జరిమానా కట్టలేనివాడి కాళ్లకే రాసిపెట్టారు. ఇది వట్టి అన్యాయం.

ఇలాంటిది చదివినప్పుడు నెల్లూరు జిల్లావాళ్లకు దూబగుంట గుర్తురాక మానదు. 1992లో సారా దుకాణం మూయించడానికి రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు ఎవరి చట్టం కోసమూ ఎదురుచూడలేదు. కూలి డబ్బు ఇంటికి రావడం లేదు, అంతే. జిల్లా జిల్లాకూ పాకిన ఆ పోరు ప్రభుత్వం చేత సారా నిషేధం చేయించింది. దేశం కాని దేశంలో చలిసాయంత్రం పబ్బుల ముందు నడుస్తుంటే ఆ తల్లుల ముఖాలు కళ్లముందు కదులుతాయి. ఇంగ్లండులో తాగుడు చట్టం పైనుంచి, పార్లమెంటు నుంచి దిగింది. ఇంట్లో బాధపడిన స్త్రీ గొంతు ఆ చట్టంలో దాదాపు వినపడదు.

కానీ తిట్టు విషయంలో ఆ గొంతు గట్టిగా వినిపించింది. చర్చి కోర్టుల్లో పెళ్లయిన స్త్రీ భర్త పేరు లేకుండా తన పేరుతోనే దావా వేయవచ్చు. లండన్ చర్చి కోర్టులో పరువు దావాలు వేసినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. వీధిలో, గడప దగ్గర, ఏల్‌హౌసులో తన నడత మీద పడిన మాటను సాక్షులతో నిరూపించి, నింద వేసినవాళ్ల చేత క్షమాపణ చెప్పించేవారు. చదువురాని చాకలి, పాలమనిషి కూడా న్యాయం అడగగలిగిన చోటు అది.

అయితే మామూలు కోర్టులో దీనికి విలువ లేదు. శీలాన్ని తిట్టారంటే చాలదు, దానివల్ల పెళ్లి తప్పిపోయిందనో మరో నష్టం జరిగిందనో చూపాలి. లండన్ నగర కోర్టుల్లో మాత్రం వేరే ఆచారం ఉండేది. 1855లో చర్చి కోర్టుల నుంచి ఈ అధికారం తీసేశారు. అక్కడి నుంచి 1891లో స్త్రీల పరువు నష్టం చట్టం వచ్చేదాకా, నష్టం చూపలేని స్త్రీకి ఇంగ్లండులో చాలాచోట్ల తలుపు తట్టడానికి కోర్టే లేకపోయింది.