హాలీ–కల్దార్ నుంచి రూపాయి–డాలర్ దాకా: హైదరాబాదులో మారకపు విలువల చరిత్ర

ప్రస్తావన

మారకపు విలువ సాధారణంగా అర్థశాస్త్ర విషయంగానే చర్చకు వస్తుంది. ఒక నాణెం మరొక నాణెంగా మారేటప్పుడు ఎంత తరుగుతుంది, ఆ తరుగును ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలు మాత్రం సామాజిక చరిత్రకు చెందినవి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలతో విస్తరించిన నేటి సైబరాబాదులో ఈ ప్రశ్నలు డాలర్ చుట్టూ తిరుగుతున్నాయి. ఇదే నేలపై అంతకు పూర్వం రెండు రూపాయల మధ్య మారకం నడిచింది. ఆ రెండు దశలను పోల్చి చూడటం, పాత తెలుగు ఆధారాల పఠనానికి ఆ పోలిక ఎలా ఉపకరిస్తుందో సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

ఏడుకు ఆరు

1857 తిరుగుబాటు అనంతరం నిజాం నాణేలపై మొగలు చక్రవర్తి పేరు తొలగిపోయి, హాలీ సిక్కా వెలువడింది. 'హాలీ' అంటే ప్రస్తుతం చెల్లుబాటులో ఉన్నది అని అర్థం. బ్రిటిష్ ఇండియా రూపాయి సంస్థాన ప్రజల నోట 'కల్దార్' అయింది. యంత్రంపై తయారైనదని ఆ మాటకు అర్థం. ఒకటి చెల్లుబాటును, మరొకటి తయారీని సూచించే ఈ రెండు పేర్లు ఇద్దరు ప్రభువుల ఉనికిని ప్రజల వాడుకలో నిలిపాయి.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రజలు తెచ్చే వెండిని నాణేలుగా ముద్రించి ఇచ్చే పద్ధతిని నిలిపివేసింది. దానితో కల్దార్ విలువకూ అందులోని వెండి విలువకూ ఉన్న ముడి తెగింది. వెండి ధర పడిపోయినా కల్దార్ నిలబడగలదు. వెండి బలంపై ఆధారపడిన నాణేనికి ఆ రక్షణ ఉండదు. అందుచేత హాలీ మారకాన్ని స్థిరపరచడం సంస్థాన ప్రభుత్వ బాధ్యత అయింది. 20వ శతాబ్ది ఆరంభంలో చార్మినార్ ముద్రతో కొత్త నాణేలు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెండి కొరత ఏర్పడగా 1918 నుంచి సంస్థానం కాగితపు నోట్లు కూడా ముద్రించింది. వాటిపై ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు కనిపిస్తాయి.

స్థిరపడిన నిష్పత్తి ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. నూరు కల్దార్లకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. కల్దార్ 1927 చట్టం ద్వారా ఒక షిల్లింగు ఆరు పెన్నీల విలువతో పౌనుకు ముడిపడింది. అంటే హాలీకి కల్దార్, కల్దార్‌కు పౌను ఆధారంగా నిలిచాయి.

ఈ నిష్పత్తిలో కాలం కంటె స్థలం ముఖ్యం. కృష్ణకు దక్షిణాన మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాలు కల్దార్‌లో లెక్క చూసుకొనేవి. ఉత్తరాన తెలంగాణ హాలీలో చూసుకొనేది. నిజాం భూభాగం మధ్యనే ఉన్నా మునగాల పరగణా బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెందినది. పొలిమేర దాటితే భాష మారలేదు, రూపాయి మారింది. నాణెం మార్చేవాణ్ణి షరాబు అని, మార్పిడిలో పోయే తరుగును వట్టం అని తెలుగు వ్యవహరించింది.

తెలుగు పరిశోధకులకు ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. తెలంగాణ దస్తావేజుల్లో, పత్రికల్లో, ఆత్మకథల్లో 'రూపాయలు' అని మాత్రమే ఉన్నప్పుడు అది ఏ రూపాయో తేల్చుకోవాలి. 700 హాలీ రూపాయల అప్పును 700 కల్దార్లుగా చదివితే వంద రూపాయల పొరపాటు జరుగుతుంది. కూలి, శిస్తు, పుస్తకం వెల వంటి వాటిని రెండు ప్రాంతాల మధ్య పోల్చేవారు ముందు ఈ లెక్క సరిచూడాలి.

కట్టు వీడిన రూపాయి

పోలీసు చర్య తరువాత, 1950లో భారత రూపాయి హైదరాబాదులో స్థిరపడింది. హాలీ 1959 దాకా దానితో పాటు చెల్లి నిష్క్రమించింది. ఇక మారకం భారత రూపాయికీ డాలర్‌కూ మధ్య మిగిలింది. 1949 సెప్టెంబరులో పౌనుతో పాటు రూపాయి విలువ తగ్గి డాలర్ 4.76 రూపాయలైంది. 1966 జూన్ 6న 7.50కి చేరింది. 1975లో పౌనుతో బంధం వదిలి, పలు దేశాల ద్రవ్యాల సముదాయంతో రూపాయిని ముడిపెట్టారు.

1991 జూలై 1, 3 తేదీల్లో రెండు విడతలుగా రూపాయి విలువను తగ్గించారు. హాలీ సిక్కా చెల్లిన సంస్థానంలో పుట్టి పెరిగిన పి.వి. నరసింహారావు అప్పటి ప్రధాని. 1993 మార్చిలో మారకపు విలువను మార్కెట్‌కు వదిలారు. డాలర్ అప్పుడు 31 రూపాయల పైచిలుకు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆదాయం డాలర్లలో, జీతాలు రూపాయల్లో ఉన్న పరిశ్రమకు రూపాయి బలహీనత లాభించింది, బలం బాధించింది.

తెలుగువారైన వై.వి. రెడ్డి రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న కాలంలో, 2008 ఆరంభాన డాలర్ 39 రూపాయల చెంతకు దిగింది. మరో తెలుగువాడు దువ్వూరి సుబ్బారావు పదవీకాలం చివరిలో, 2013 ఆగస్టులో 68 దాటింది. వెయ్యి డాలర్ల బిల్లు మొదటి సందర్భంలో 39 వేల రూపాయలు తెస్తే, రెండో సందర్భంలో 68 వేలు తెచ్చింది. చేసిన పని ఒకటే. అయితే అమెరికాలో చదివే విద్యార్థి 20 వేల డాలర్ల రుసుము 7 లక్షల 80 వేల నుంచి 13 లక్షల 60 వేలకు పెరిగింది. ఉద్యోగి సంస్థకు లాభమైనదే, ఆ ఉద్యోగి ఇంటికి భారమైంది. 2008లో పైగా ప్యాలెస్‌లో వెలసి 2023లో నానక్‌రామ్‌గూడకు తరలిన అమెరికా కాన్సులేట్ ఈ ద్వంద్వానికి గుర్తు.

ఉపసంహారం

హాలీ కాలంలో వట్టాన్ని ఎల్లలు నిర్ణయించాయి. డాలర్ కాలంలో తేదీలు నిర్ణయిస్తున్నాయి. అప్పటి రైతుకు ఏడుకు ఆరు ముందే తెలుసు. ఇప్పటి తండ్రికి వచ్చే విడత రుసుము ఎన్ని రూపాయలో తెలియదు. నిష్పత్తిని నిలిపే బరువు ఒకప్పుడు ప్రభుత్వానిది. అది నేడు చాలావరకు కుటుంబాల మీదికి జరిగింది. వట్టం అన్న మాట వాడుకలో మరుగునపడినా ఆ తరుగు మిగిలే ఉంది. ఈనాటి తెలుగు కథల్లో జీతాలను, ఋణాలను చదివే విమర్శకుడు వాటి పక్కన సంవత్సరాన్ని కూడా రాసుకోవలసి ఉంటుంది.