తల్లిదండ్రుల మద్యవ్యసనం, పిల్లల సంరక్షణ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ప్రభుత్వ చర్యల చరిత్ర

తల్లో తండ్రో మద్యానికి బానిస కావడం వల్ల పిల్లల పోషణ, చదువు, భద్రత దెబ్బతిన్న కుటుంబాలకు ప్రభుత్వం చేసే సహాయంలో వ్యసనానికి చికిత్స, ఇంటికి ఆర్థిక సహాయం, బాలల సంరక్షణ ముఖ్యమైనవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఈ మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు శాఖల చేతుల మీదుగా రూపొందాయి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో సూర్యాపేట కొత్త జిల్లాకు కేంద్రం కాగా కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. అంతకుముందు మూడూ ఒకే జిల్లా పట్టణాలు కావడంతో వీటి చరిత్ర చాలావరకు ఉమ్మడిదే.

మత్తుపానీయాల నిషేధానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణలో చెప్పినప్పటికీ, మద్యం ఆచరణలో అబ్కారీ ఆదాయంగానే కొనసాగి, 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో పల్లెలకు చేరింది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల పోరాటంతో 1992లో రాష్ట్రమంతటా వ్యాపించిన ఉద్యమం 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికీ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికీ దారి తీసింది. ఆ స్త్రీల ఆవేదన కూలి డబ్బు ఇల్లు చేరకపోవడం గురించీ, పిల్లల పస్తుల గురించీ కాగా, ప్రభుత్వం ఇచ్చిన జవాబు దుకాణం మూసివేత వరకే పరిమితమైంది. తాగుడు మాన్పించే వైద్యం దానితోపాటు పల్లెల దాకా రాలేదు. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తివేశారు. తెలంగాణ ఏర్పడిన తరువాత గుడుంబా, అంటే అక్రమంగా కాచే నాటుసారా, మీద ఎక్సైజ్ శాఖ దాడులు జరిపి, ఆ వృత్తిని వదిలిన కుటుంబాలకు 2 లక్షల రూపాయల చొప్పున పునరావాస సహాయం ప్రకటించింది. ఆ సహాయం కాచినవారి కోసమే కానీ, దాన్ని తాగి మంచాన పడినవారి ఇంటి కోసం కాదు.

పిల్లల విషయంలో నల్లగొండ జిల్లాకు బాధాకరమైన గతం ఉంది. 1999–2001 సంవత్సరాల్లో తండాల నుంచి ఆడశిశువులను దత్తత పేరుతో సొమ్ముకు తరలించిన ఉదంతాలు బయటపడిన తరువాత, పేదరికాన్ని కారణంగా చూపి శిశువును సంస్థలకు అప్పగించడాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో ఉత్తర్వు ఇచ్చింది. బిడ్డను ఇంటి నుంచి వేరు చేయడం ఎంత సులువుగా వ్యాపారం కాగలదో చూపిన ఆ అనుభవాన్ని తరువాతి బాలల చట్టాలతో కలిపి చదవడం అవసరం.

ప్రస్తుతం అమలులో ఉన్న 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రతి జిల్లాలో కనీసం ఒక బాలల సంక్షేమ సమితి ఉండాలని చెబుతుంది. ఒక అధ్యక్షుడూ నలుగురు సభ్యులూ గల ఈ సమితికి మేజిస్ట్రేటు అధికారాలుంటాయి. ఆదరణ, రక్షణ అవసరమైన బాలలను 24 గంటలలోగా దాని ముందు హాజరుపరచాలి, సామాజిక విచారణను 15 రోజుల్లో ముగించాలి. తల్లిదండ్రుల వ్యసనాన్ని చట్టం విడిగా పేర్కొనలేదు. బిడ్డను చూసుకోవడానికి వారు ‘అనర్హులు లేదా అశక్తులు’ అని సమితి నిర్ణయిస్తే ఆ బిడ్డ చట్టం పరిధిలోకి వస్తుంది. సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలన్న సూత్రం అదే చట్టంలో ఉన్నప్పటికీ, ఇల్లు నిలబడాలంటే తండ్రికి వైద్యం అందాలన్న మాటను అమలు చేసే యంత్రాంగం సమితి చేతిలో లేదు. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు అర్హులైన బిడ్డకు ఇంట్లోనే ఉంటూ పొందేలా నెలకు 4,000 రూపాయల ‘స్పాన్సర్‌షిప్’ సహాయం నిర్ణయించాయి. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. ఆపదలో ఉన్న బాలల కోసం 1098 నంబరు పనిచేస్తుంది.

చట్టం పేరెత్తకుండానే ఈ పిల్లలను ఎక్కువగా ఆదుకున్నవి హాస్టళ్లూ గురుకులాలూ అనవచ్చు. రాష్ట్రంలో తొలి గురుకుల పాఠశాల 1971లో అప్పటి నల్లగొండ జిల్లాలోని సర్వేలులోనే ప్రారంభమైంది. మూడు పూటలా అన్నం, తలదాచుకునే చోటు ఉన్న బడిలో సీటు దొరకడం తాగుడు ఇంటి పిల్లలకు చదువుతోపాటు రక్షణ కూడా. అయితే సెలవులకు పిల్లలు తిరిగి చేరేది మారని ఇంటికే.

చికిత్స అన్నిటికన్నా ఆలస్యంగా చేరింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 43.3 శాతం మద్యం తాగుతున్నారు. సూర్యాపేట, నల్లగొండలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు 2019లో మొదలయ్యాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2020 ఆగస్టు 15న ‘నషా ముక్త్ భారత్’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. వ్యసన సలహాకు 14446 నంబరు అందుబాటులోకి వచ్చింది. మద్యం వల్ల కలిగే మానసిక స్థితులను మానసిక అనారోగ్యంగా గుర్తించిన 2017 చట్టం, చికిత్స పొందే తల్లి నుంచి మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదని శాసించింది. వైద్యాన్నీ బిడ్డనూ ఒకే వాక్యంలో తలచిన అరుదైన నిబంధన ఇది.

ఈ రెంటినీ కలిపే ప్రయత్నాలు ఇతర దేశాల్లోనూ జరిగాయి. లండన్‌లో 2008లో మొదలైన కుటుంబ మద్య, మాదకద్రవ్య న్యాయస్థానంలో న్యాయమూర్తే తల్లిదండ్రుల చికిత్స పురోగతిని తరచుగా సమీక్షిస్తారు. చికిత్సాలయంలో తల్లిదండ్రులతో ఉండే బిడ్డ ఖర్చును 12 నెలల వరకు భరించేందుకు అమెరికా 2018 చట్టంలో వీలు కల్పించింది. ఇక్కడ కోదాడ కుటుంబం సూర్యాపేటకూ, మిర్యాలగూడ కుటుంబం నల్లగొండకూ సుమారు 40 కిలోమీటర్లు వెళ్లి, బిడ్డ కోసం సమితినీ, తండ్రి కోసం ఆసుపత్రినీ విడివిడిగా ఆశ్రయించాలి. కూలి మానుకుని ఆ రెండు చోట్లకూ తిరగవలసిన భారం ఎక్కువగా తల్లి మీదే పడుతుంది.